మరుసటి దినం వచ్చింటే

“ఇంకోతూరి చెప్పు,” అంది తిమ్మమ్మ, లేపాక్షి నంది ముందర అమ్మకానికి పెట్టుకున్న ఉడకబెట్టిన చెనిక్కాయల చాటను పక్కకు జరిపి.

“జ లొరే రాష్టే,” అంది జయంతి.

“జ లొరే... మధ్యలో గొంతు గీరుకున్నట్ల అంటివే, అది నాకు రాదు. పోనీలే, ఆయమ్మకు అర్థమైతే చాలు.”

జయంతి నవ్వు ఆపుకుంది. అనంతపురంలో రెండేళ్లు ఫ్రెంచి నేర్చుకుని, లేపాక్షిలో గైడుగా చేరి ఆర్నెల్లయింది. మొదటి ఫ్రెంచి బేరం పోయిన వారమే తగిలింది. ఒక పెద్దావిడ ఇంటివాళ్లతో వస్తోంది. నలభై ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా పనిచేసిందట. ఆవిడ ఫోటోను తిమ్మమ్మకు చూపించడమే జయంతి చేసిన పాపం. ముసలామె ఫోను లాక్కుని, “ఈయమ్మే! కరువుకాలంలో నా దగ్గర కొనుక్కోని పోయింది ఈయమ్మే!” అని నంది అదిరిపోయేటట్లు అరిచింది. ఏం కొన్నదో మాత్రం చెప్పలేదు. అప్పట్నుంచి ఇదిగో, రోజూ పాఠం.

పెద్ద గైడు చౌడప్ప అటుగా పోతూ ఆగాడు. “ఏమవ్వా, ప్యారిస్ పోతాండావా? ఈ వయసులో నీకు ఫ్రెంచి యాల?”

“నీకు ఇంగ్లీషు యాలరా? నంది తోక యాడుండాదో చూపించేదానికి చెయ్యి చాలదా?”

చౌడప్ప తన టూరిస్టుల వైపు నడిచాడు.

“అవ్వా, నేనే మాట్లాడిపెడతా కదా,” అంది జయంతి.

“వద్దు. ఇంకొకరి నోటితో అడిగితే అడుక్కున్నట్లుంటాది. నాది నేనే అడగల్ల.”

మొదట జయంతి రాసిచ్చిన వాక్యం వేరే. ‘నాకు తెలిసి ఉంటే అమ్మి ఉండేదాన్ని కాదు’ అని రాసి అర్థం చెప్పేసరికి తిమ్మమ్మ కండ్లెర్రజేసింది.

“కొట్టెయ్ దాన్ని! అమ్మింది తప్పని నేనెందుకు ఒప్పుకోవల్ల? ముగ్గురు బిడ్డల్ని మట్టిలో పెట్టినా నేను. ఇంట్లో అట్ల కీడుంటే, మిగిలినదాన్ని చాటలో పెట్టి, పరాయి మనిషికి అమ్మినట్ల చేయల్ల. కీడు కండ్లు గప్పేదానికి. మరుసటి దినం కొన్నోళ్లే తెచ్చియ్యల్ల, అదే వెలకు మనం తిరిగి కొనుక్కోవల్ల. మా పెద్దల కాలం నుంచి ఇంతే. ఆయమ్మను పిడికెడు కొర్రలియ్యమంటి, ఇచ్చె. ఏందో కాగితం మింద నా వేలిముద్ర యేసుకునె. తెల్లారి నేను కూచుంటి, కూచుంటి, రాలే. నేనే పోతే గదికి తాళం. దేశం ఇడిసి పోయిందన్నారు.”

“మరేం రాయల్ల?”

“‘మరుసటి దినం నువ్వొచ్చింటే, నేను తిరిగి కొనుక్కోనుండేదాన్ని.’ అంతే. ఏడుపు మాటలొద్దు.”

జయంతి పుస్తకం తిప్పి చూపించింది. “వాళ్లకు రెండు ముక్కలవ్వా. మనం ‘కొనుక్కొని’ అన్నాక ‘ఉండేదాన్ని’ తగిలిస్తాం. వాళ్లు ఆ సాయం మాటను ముందే పెడతారు, అదే ‘ఒరే’. దాని వెనక ‘రాష్టే’, అంటే కొనుక్కునే మాట. ‘వచ్చింటే’ అనేదానికి ఇంకో సాయం మాట. రావడానికీ పోవడానికీ అదే వాడతారు.”

“జరగనిదానికి ఇంత బరువా?”

“కష్టమే అవ్వా.”

“నలభై ఏండ్లుగా జరగనిదాన్నే కదమ్మా మోస్తాండా. ఈ రెండు ముక్కలు మోయలేనా?”

“సరే, అమ్మింది ఆడదా, మగదా? ఆడదైతే చివర ఇంకో అక్షరం రాయల్ల. వాళ్లకు కుర్చీ కూడా ఆడదే.”

“ఆడదే. రాసెయ్.”

“పేరుండాదా?”

తిమ్మమ్మ చాట అంచును తడిమింది. “తిప్పమ్మ,” అంది.

అది దేవత పేరనుకుంది జయంతి. ఏ ఇంటి దేవతో! ఆ కరువులో ఇత్తడి విగ్రహాలు టూరిస్టుల పాలయ్యాయని ఆమె చిన్నప్పుడే విన్నది. విగ్రహాన్ని దేశం దాటించిందని తేలితే పోలీసులొస్తారు, మొదటి బేరం కాస్తా మంటగలుస్తుంది.

“గొడవ పెట్టుకోవద్దవ్వా, నీకు దండం పెడతా.”

“పెట్టుకుంటా. ఊరంతా ‘పోయిందనుకో, మర్చిపో’ అనింది. నేను అనుకోలే. నాది నాకు గావాల.”

ఆదివారం పొద్దున నల్లద్దాల కారొకటి నంది ముందు ఆగింది. పెద్దావిడ చేతికర్ర పట్టుకుని దిగింది. జయంతి నమస్కారం పూర్తి చేయకముందే తిమ్మమ్మ వచ్చేసింది. ఉతికిన ఎర్రచీర, చంకలో ఖాళీ చాట, కొంగున ఏదో ముడి. కారుకు అడ్డంగా నిలబడి, తల ఎత్తి, ఒక్క ముక్క తప్పకుండా ఆ వాక్యమంతా చెప్పింది.

పెద్దావిడ చాటను చూసింది. ఫ్రెంచిలో ఏదో అంది. జయంతి ఆ మాటలే తెలుగులో చెప్పింది.

“‘తిరిగి ఇవ్వాలని నాకెవరూ చెప్పలేదు. ఆ కాగితంతో అంతా అయిపోయిందనుకున్నాను. చెప్పి ఉంటే, మర్నాడే వచ్చి ఉండేదాన్ని’ అంటాంది అవ్వా. ‘నిన్ను వెతుక్కుంటూనే వచ్చినా’ అని కూడా అంటాంది.”

“ఇప్పుడు తెల్లారిందనుకోమను,” అంది తిమ్మమ్మ. కొంగు ముడి విప్పి, కొర్రలన్నీ ఆవిడ అరచేతిలో పోసింది. “పిడికెడుకు పిడికెడు. నా బేరం నేను తీర్చినా. నాది నాకియ్యమను.”

విగ్రహం సామాన్లలో ఉందేమోనని జయంతి భయంభయంగా కారు డిక్కీ వైపు చూసింది.

పెద్దావిడ కారు వెనక తలుపు తెరిచి, ఫ్రెంచిలోనే, “తిప్పమ్మా, దిగు, మీ అమ్మ ఇక్కడే ఉంది,” అంది.