సోడియం స్కాన్ కనిపెట్టినాయన

"గంటసేపు కదలకూడదు సార్," అంది ఆపరేటరు, ప్రొఫెసర్ ఛాతీ మీద, సిగ్నల్ పట్టే కాయిల్ బిగిస్తూ. "అయినా మీకు నేను చెప్పేదేముంది? మీరు కనిపెట్టిన స్కానే కదా!"

"తెలుసులేమ్మా, గంటేగా. కానివ్వు," అన్నాడాయన, ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఆయనకు గుండెపోటు వచ్చి వారమైంది. గుండె కండరం ఎంత చచ్చిందో, ఎంత బతికుందో తేల్చడానికి సోడియం ఎమ్మారై రాశారు. చచ్చిన చోట ఉప్పు పేరుకుంటుంది. బొమ్మలో అక్కడ తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపును పట్టే పద్ధతి కోసం ఆయన శిష్యురాలిగా ఆరేళ్ళు ఈ గదిలోనే చాకిరీ చేసిందామె. తీరా పేపరు అచ్చయ్యేసరికి ఆమె పేరు గల్లంతు. ఫిర్యాదు చేస్తే, "మీటలు నొక్కిన పిల్ల, అంతే. పద్ధతంతా నా బుర్రలోదే," అన్నాడాయన. విచారణ జరిపిన గుండె డాక్టరు కూడా అదే రాసిచ్చాడు.

ఆ డాక్టరే ఇప్పుడు అద్దానికి ఇవతల, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు, బొమ్మలు చూడ్డానికి.

మిషన్ మోత మొదలైంది. చాలాసేపటికి మైకులో ప్రొఫెసర్ గొంతు వినిపించింది.

"భుజం పీకేస్తోందమ్మా. ఇంకా ఎంతసేపు?"

"సగం కూడా కాలేదు సార్. కదిలారో, అంతా బూడిదలో పోసిన పన్నీరే."

"ముక్కు దురదగా ఉంది."

"ఓర్చుకోండి. నేను ఆరేళ్ళు ఓర్చుకోలేదూ?"

డాక్టరు మొహం చిట్లించాడు. "పగబట్టినట్టు మాట్లాడుతున్నారేంటి?"

"పట్టినట్టు కాదండీ," అందామె, తెర మీంచి చూపు తిప్పకుండా. "పట్టాను. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలిగా."

సరిగ్గా గంటకు బల్ల బయటికొచ్చింది. ప్రొఫెసర్ మూలుగుతూ, నడుం పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"మచ్చ చిన్నదే సార్. గండం గడిచినట్టే," అన్నాడు డాక్టరు లోపలికొచ్చి.

అంతే, ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా నా స్కాను! గంట పడితేనేం, బొమ్మ అద్దంలా వచ్చింది. గంటకు తగ్గితే పనికిరాదని తేల్చడానికే నాకు రెండేళ్ళు పట్టింది తెలుసా?"

వెనకే లోపలికొచ్చిన ఆమె డాక్టరు వైపు తిరిగింది.

"విన్నారుగా?"

"విన్నాను. అయితే?"

"ఈ స్కాన్‌కు పట్టేది ఇరవై నిమిషాలే."