టైలరు కుడికన్ను

"ఈ మాత్రలు ఆపేయమని మా ఆవిడకు మీరే చెప్పండి డాక్టర్‌గారూ," అన్నాడు టైలరు, గది తలుపు వేసీ వేయకముందే. "హెచ్ఐవీకి ఇవి వాడితే బతుకుతానన్నారు. బతుకు సంగతి దేవుడెరుగు, కన్ను పోయేలా ఉంది."

కుడికన్ను చింతనిప్పులా ఉంది. కొన్నాళ్లుగా సూది బెజ్జం కనపడక, దారం భార్యే ఎక్కించి ఇస్తోంది. ఆ కన్ను పోతే మిషను అమ్ముకోవలసిందే. అది తెలిసినా అతనికి భయం వేయలేదు. పోయినేడు జబ్బు బయటపడ్డప్పటి నుంచి అతనికి ఏదీ పెద్దగా అనిపించడం మానేసింది. ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టుంది బతుకు. అది బిగుతో వదులో చూసుకునే ఓపిక కూడా లేదు.

"గడ్డం ఇక్కడ ఆనించండి," అంది కంటిడాక్టరు, పరీక్ష యంత్రం చూపిస్తూ. లైటు తగ్గించి, కంటిలోకి చాలాసేపు చూసింది. "పోయినేడు ఇన్‌ఫెక్షన్ వచ్చింది ఈ కంట్లోనే కదా?"

"అవునండీ. మీరే తగ్గించారు."

"ఆ పాత మచ్చ చుట్టూ ఇప్పుడు వాపు వచ్చింది. మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?"

టైలరు చేతిరుమాలుతో కన్ను ఒత్తుకున్నాడు.

"రోజూ రాత్రి నా చేత్తోనే ఇస్తానండీ," భార్య అందుకుంది. "ఒక్కరోజు కూడా మందు తప్పలేదు."

పిచ్చిది, నమ్మేసింది అనుకున్నాడు టైలరు. ఆమె ఇచ్చిన మాత్ర పిడికిట్లోనే ఉండిపోతుంది. నీళ్లు మాత్రం గటగటా తాగేస్తాడు. తర్వాత ముందుగదిలోకి వెళ్లి, మిషను కింద ఉన్న గుడ్డపీలికల సంచిలో మాత్రను పడేస్తాడు. మింగి ఎవరిని ఉద్ధరించాలో అతనికి తోచలేదు. వద్దంటే భార్య ఏడుస్తుంది. ఆ ఏడుపు వినడం ఇంకో పని.

"ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అడిగింది డాక్టరు.

"పొద్దున తాగే టీ చేదుగా ఉంటోంది."

"మందులు వాడేవాళ్లకు నోరు చేదవుతుందని చెబుతూనే ఉన్నానండీ, వినరు," అంది భార్య.

కాదనాలంటే అసలు సంగతి చెప్పాలి.

డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు చూసి తల ఊపింది. "మాత్రలు ఆపమని నేను చెప్పను. వైరస్ బాగా అణిగింది. రోగాన్ని ఎదిరించే శక్తి ఒంట్లోకి తిరిగి వచ్చింది. ఆ శక్తి పాత మచ్చ మీద తిరగబడితే వచ్చిన వాపు ఇది. చుక్కలమందు రాస్తాను. ఆలస్యం చేయకుండా వచ్చారు కాబట్టి తగ్గుతుంది."

"మాత్రలు వేసుకోని వాళ్లకు కూడా వస్తుందా అండీ ఈ వాపు?"

"ఇలాంటిది రాదు. మందు పనిచేస్తేనే వస్తుంది."

"రిపోర్టు మారిపోయిందేమో. ఇంకెవరిదో అయ్యుంటుంది."

"రిపోర్టు మారినా కన్ను మారదు కదా," అంది డాక్టరు. "రెండూ ఒకే మాట చెబుతున్నాయి."

చాలా రోజుల తర్వాత అతనికి భయం వేసింది.

"డాక్టర్‌గారూ," అన్నాడు గొంతు తగ్గించి. "నేను ఇంతవరకూ ఒక్క మాత్రా మింగలేదు. అన్నీ పీలికల సంచిలో పడేశాను."

డాక్టరు రాయడం ఆపి అతని భార్య వైపు చూసింది. ఆమె తల తిప్పలేదు. చుక్కలమందు చీటీ అందుకుని, మడిచి, చేతిసంచిలో పెట్టుకుంది.

"ఇకనైనా మింగండి," అంది మొగుడితో. "రోజూ ఆ పీలికల్లో మాత్ర వెతికి, నూరి, మీ టీలో కలిపేసరికి నా కళ్లు పోతున్నాయి."