చలువ గిన్నె

మామగారు దిగారు. చెప్పులు విడిచి, చేతి గడియారం, కళ్లజోడు తీసి పక్కన పెట్టి మళ్లీ ఎక్కారు. తూకం యంత్రం జాలి చూపలేదు. ముల్లు కిందటి నెల కంటే ముందుకే జరిగింది.

హాల్లో అందరూ కోడలి వైపు చూశారు.

నెలరోజులుగా ఆయనకు వేరే తిండి లేదు. వైద్యుడు రాసిచ్చిన ప్రకారం పూటకో గిన్నె. ఉడికించిన బార్లీ, గుప్పెడు పెసరపప్పు, సొరకాయ, దోసకాయ ముక్కలు, పైన పుదీనా. ఎండాకాలానికి చలువ, ఒంటికి తేలిక. వానలు మొదలైతే పుదీనా పోయి అల్లం వస్తుంది. నూనె చుక్క తగలదు. మోకాళ్ల నొప్పితో ఆయన గడప దాటిందీ లేదు.

"గాలి పీల్చి లావెక్కుతారా ఎవరైనా?" అంది అత్తగారు. "అమ్మాయికి ఫోన్ చేస్తాను. వచ్చి వంటిల్లు తనే చూసుకుంటుంది."

కోడలికి ఇది తెలిసిన కథే. ఆడపడుచు వంటింట్లో కాలు పెడితే మళ్లీ బయటికి తీయదు. కిందటిసారి వచ్చినప్పుడు డబ్బాలన్నీ చోటు మార్చేసింది. తన ఇంట్లో ఉప్పెక్కడుందో కోడలు ఆవిణ్ణి అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

"తొందరపడకక్కా," అన్నాడు వైద్యుడు.

ఆయన అత్తగారి తమ్ముడే. రోజూ సాయంత్రం వచ్చి బావగారి నాడి చూసి వెళతాడు. నాడి అందాలంటే నిశ్శబ్దం కావాలి, కాబట్టి తలుపేసి మరీ చూస్తాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకుంటాను. బావకి ఎవరో చాటుగా తినిపిస్తున్నారు. వాడు ఈ హాల్లోనే ఉన్నాడు. మా ఇంట్లోనూ నాకు ఇదే గిన్నె. మా ఆవిడ మెతుకు తేడా రానివ్వదు. మరి నేను తగ్గలేదూ?"

ఆయన పెద్దగా తగ్గినట్టు ఎవరికీ కనిపించలేదు. కానీ పెద్దమనిషి, పైగా వైద్యుడు.

విచారణ కోడలితో మొదలైంది. నెయ్యి కలుపుతున్నావా అని అడిగాడు. ఆమె సీసా తెచ్చి చేతిలో పెట్టింది. మూత సీలు అలాగే ఉంది. తరువాత మేనల్లుడి, అంటే కోడలి మొగుడి, జేబులు దులిపించాడు. దువ్వెన, బస్సు టికెట్టు రాలాయి. చివరికి అక్కగారి బీరువా తెరిపించాడు. చీరల మడతల్లో బిస్కెట్ల పొట్లం బయటపడింది.

అత్తగారి ముఖం కందిపోయింది. అవి తనవేనని, కళ్లు తిరిగినప్పుడు ఒకటి నోట్లో వేసుకుంటానని ఒప్పుకుంది. కోడలికి ప్రాణం లేచివచ్చింది. వైద్యుడు పరీక్షకని ఒకటి నమిలాడు. ఇంకొకటి కూడా నమిలాడు.

"ఇవి కావు," అని తేల్చేశాడు.

ఇంక మిగిలింది ఎవరు? అత్తగారు ఫోన్ అందుకుంది. కూతురి నంబరు నొక్కసాగింది.

కోడలు నెమ్మదిగా మామగారి పక్కకు వెళ్లి కూర్చుంది.

"వదిన వస్తే మీకే మంచిది మామయ్యగారూ. పొద్దస్తమానం మీ మంచం పక్కనే కుర్చీ వేసుకుంటుంది. నాడి చూసేటప్పుడు కూడా లేవదు."

మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"భయం దేనికి బావా?" అన్నాడు వైద్యుడు, పొట్లం ఇంకా చేతిలోనే ఉంది. "అది ఎవరైనా సరే, నేనున్నాను. పేరు చెప్పు చాలు."

ఫోన్‌లో అవతల గంట మోగుతోంది. మామగారు గబుక్కున భార్య చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేశారు.

"ఇంకెవర్రా, నువ్వే కదా," అన్నారు, "రోజూ తలుపేసి, కేకు సగం నువ్వు మింగి సగం నాకు పెట్టేది."