కెమెరా సంగతి వదిలెయ్యమ్మా

“కెమెరా సంగతి వదిలెయ్యమ్మా. అది కాక ఈ ఫోను ఇంకేం చేస్తుందో చెప్పు,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

షాపులో ఫోన్లు చూపించే అమ్మాయి ఆయన వైపు వింతగా చూసింది. ఆ వీధి చివరనున్న ఫొటో స్టూడియో తమదేనని ఆయన భార్య అప్పుడే చెప్పింది. అది వినే ఆ అమ్మాయి హుషారుగా మూడు కెమెరాల ఐఫోను తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు.

“విన్నావా అమ్మా? ఫొటోగ్రాఫరుకి కెమెరా అక్కర్లేదట!” అంటూ భార్య నవ్వింది. నవ్వుతూనే భర్త వైపు తిరిగింది. “మొదట్నుంచీ ఆండ్రాయిడే వాడారు. దాని గుట్టుమట్లన్నీ మీకు కొట్టిన పిండి. ఉన్నట్టుండి ఐఫోను మీదికి మనసెందుకు మళ్ళిందో చెప్పరేం?”

“ఊరికే. మార్పు కావాలనిపించింది.”

“పెళ్ళయిన దగ్గర్నుంచి ఒకే టూత్‌పేస్టుతో పళ్ళు తోముకునే మనిషికి మార్పు కావాలనిపించిందా?”

ఆయన నవ్వి, అమ్మాయి వైపు తిరిగాడు. అమ్మడమే తన పనైనా, ఉన్నమాట చెప్పకపోతే ఆ అమ్మాయికి మనసొప్పలేదు. “మొదట్లో కొంచెం ఇబ్బందే సార్. వెనక్కి వెళ్ళడానికి బటన్ ఉండదు, అంచు నుంచి వేలితో జరపాలి. కీబోర్డు వేరు, సెట్టింగులు వేరు. అలవాటయ్యేదాకా విసుగొస్తుంది. ఆలోచించుకోండి.”

“విసుగు సంగతి నేను చూసుకుంటాలే. తెర మీద ఉన్నవన్నీ చదివి వినిపిస్తుందటగా, అది పెట్టి చూపించు.”

ఆ అమ్మాయి సెట్టింగుల్లోకి వెళ్ళి ఏదో నొక్కింది. ఫోన్లోంచి ఓ ఆడగొంతు గడగడా చదవడం మొదలుపెట్టింది.

“ఇదెందుకండీ మీకు?” అంది భార్య.

“ఆల్బమ్‌లు అంటించేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు కదా. మెసేజీలు వింటూ పని చేసుకోవచ్చు.”

“చదివి పెట్టడానికి నేను లేనా?”

ఆయన వినపడనట్టే ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

“సార్, ఇది ఆండ్రాయిడ్లో కూడా ఉంటుంది. దీని కోసమే అయితే మారక్కర్లేదు,” అంది అమ్మాయి.

“ఉంది. కొన్నాళ్ళు వాడి చూశాను కూడా. ఎందుకో నా వేళ్ళకి పడలేదు. మా స్నేహితుడి ఐఫోను మీద ప్రయత్నిస్తే ఇట్టే కుదిరింది. ఎవరి చెయ్యి వాళ్ళది.”

ఆయన పాట వింటున్నవాడిలా కళ్ళు మూసుకుని తెర మీద వేలు జరపసాగాడు. వేలు దేనికి తగిలితే దాని పేరు ఆడగొంతు చెబుతోంది. క్యాలెండర్ అంది. వాతావరణం అంది. ఒకసారి తప్పు నొక్కి మ్యాపులోకి వెళ్ళిపోయాడు. బయటికి రావడం తెలియక తికమకపడి, మళ్ళీ మొదటికొచ్చాడు. చివరికి వాయిస్ రికార్డరు దొరికింది. రెండుసార్లు తట్టి తెరిచాడు. “హలో, హలో” అని, తన గొంతు తనే విని, పరీక్ష పాసైన పిల్లాడిలా మురిసిపోయాడు.

“ఇదే రకం. కాకపోతే ఇంత పెద్దది వద్దు. గుప్పిట్లో ఇమిడేది ఇవ్వు.”

అమ్మాయి చిన్న ఫోను తెచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచులు తడిమి, సరేనన్నాడు.

“పాత ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ ఇందులోకి మార్చమంటారా సార్?”

“ఫొటోలొద్దు. అవన్నీ మా ఆవిడ ఫోనుకి పంపించు. రికార్డింగులు మాత్రం ఒక్కటి కూడా పోకూడదు. మా మనవరాలి ముద్దుమాటలున్నాయి. మా ఆవిడ పాటలున్నాయి.”

“నేనెప్పుడు పాడానండీ?” అంది భార్య తెల్లబోయి.

“కూరలు తరుగుతూ పాడతావుగా. నీకు తెలీకుండా రికార్డు చేశాను. అడిగితే పాడతావా ఏమన్నానా?”

భార్య గబుక్కున అటు తిరిగి, గోడకి వేలాడుతున్న ఫోను కవర్లు చూస్తూ నిలబడింది. ఎంతకీ ఇటు తిరగదు. చెప్పకుండా రికార్డు చేసినందుకు ఆవిడకి కోపం వచ్చిందేమో అనుకుంది అమ్మాయి.

కాసేపటికి ఆవిడ వచ్చి భర్త పక్కన నిలబడింది. చొక్కా కాలరు మడత సరిచేస్తూ మెల్లిగా అడిగింది. “ఇంతకీ మీరు నాకు చెప్పాల్సిందేమీ లేదా?”

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. “చెప్పడానికేముంది? ఫోనేగా మారుస్తున్నది. దానికింత విచారణా?”

“సరే, మీ ఇష్టం.”

పాత ఫోన్లోంచి కొత్తదాంట్లోకి అన్నీ మార్చే కుర్రాడి బల్ల షాపు ఆ చివర ఉంది. ఫొటోగ్రాఫరు అక్కడికెళ్ళి కూర్చున్నాడు. రికార్డింగులు పోవు కదా అని వెళ్తూనే అతన్ని అడగడం ఇక్కడికి వినిపించింది.

భార్య అమ్మాయి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “అలాంటిదే ఇంకొకటి నాకు పక్కన పెట్టమ్మా. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను.”

“అదేమిటి మేడమ్? ఇందాకట్నుంచీ సార్ని వద్దని ఆపిందే మీరు కదా!”

“ఆపలేదమ్మా. ఆయన నోటితో ఆయన చెబుతారేమోనని చూశాను. నేర్పడానికి ఇంట్లో ఒకరుండాలి కదా, అందుకే నాకూ ఒకటి. ఆయనకి చూపు ఇంక ఎన్నాళ్ళో ఉండదట. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకి తెలీదు.”