తల కొలత

పెన్సిల్ పట్టుకుని, చెయ్యి బిర్రుగా చాచి, ఒక కన్ను మూసి మోడల్ తల కొలవాలి. బీరూట్‌లో మా బొమ్మల రాత్రి క్లాసులో మొదటి పాఠం ఇదే. ఇవాళ కూడా బొమ్మ కుదరకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు బొమ్మలు నేర్పే మా ఉస్తాద్ ఫవ్వాజ్.

మోడల్ ఉమ్ నస్రీ నల్ల గౌనులో నిల్చుంది. ఆమె కదలకుండా పాదాల చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీశారు. మొదటిసారి తల నా పెన్సిల్ మీద రెండు వేళ్ల వెడల్పు వచ్చింది. కాఫీ తాగొచ్చాక మూడు. చెరిపి మళ్లీ గీశా. ఇప్పుడు నాలుగు. ఇంకోసారి చెరిపితే కాగితం చిరిగింది.

"ఉస్తాద్, ఆవిడ తల పెరుగుతోంది."

"తల కాదు కంప్యూటర్ పాపా, నీ స్టూలే ముందుకి జరుగుతోంది!"

పగలు కంప్యూటర్ ఉద్యోగం చేస్తానని ఆయన పెట్టిన పేరది. అందరూ నవ్వారు. ఉమ్ నస్రీ కూడా నవ్వింది, నా వైపే చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. "మీరే కొలవండి" అని పెన్సిల్ ఆయన చేతికిచ్చా.

నా స్టూల్ మీద కూర్చుని, చెయ్యి చాచి, కన్ను మూశాడు. పెన్సిల్ మీద ఆయన బొటనవేలు కిందికి జరిగింది. జరుగుతూనే ఉంది. బయట జనరేటర్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

లేచి వెళ్లి ఆమె పాదాలు చూశాడు. గీతలోనే ఉన్నాయి. తిరిగొచ్చి నా చెవి దగ్గర వంగాడు.

"నీ కొలత కరెక్టే తల్లీ. ఇంక కన్ను మూసి కొలవకు. రెండు కళ్లూ తెరిచే ఉంచు."