సవతి బొమ్మలు

భోజనాల మధ్యలో బంగార్రాజు మళ్లీ ఆ ఫోటోలు తీశాడు.

ఎడమచేతి వేళ్లకి ముక్కుపొడుం. కుడిచేతికి చేపల పులుసు. చూపుడువేలు నాలుకకి రాసుకుని ఒక్కో బొమ్మా తిప్పుతుంటే, పురిటిగదిలోంచి చూస్తున్న అతని భార్య దేవకుమారి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఇదిగోనండి, మా లోవలక్ష్మి. గోదారి రేవులో బుట్టలో చెయ్యెట్టి పులసని పైకెత్తింది చూడండి. ఎంతమంది పనోళ్లున్నా చేప తనే చూడాలండి. అదీ ఆవిడ పద్ధతి!”

కలప బేరానికొచ్చిన ఆసామి లొట్టలేస్తూ చూశాడు. చేపనో, మనిషినో తెలీదు.

“ఇందులో కత్తిపీట ముందు కూచుందండి. పొలుసు తియ్యడంలో ఆవిడ చెయ్యే చెయ్యి. ఇందులో నవ్వుతోంది. నేనేదో వేళాకోళం ఆడాన్లెండి.”

“అన్నిట్లోనూ పక్కకే చూస్తోందేంటండీ?”

“సిగ్గండి బాబూ. మహా సిగ్గు!”

ఉత్తరీయంతో కళ్లొత్తుకుని, బంగార్రాజు ఇంకో ముక్క వేయించుకున్నాడు.

రాజమండ్రిలో రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజులవి. ఫోటో అంటే ఏంటో తెలీనివాళ్లే ఊరినిండా. అలాంటిది బంగార్రాజు దగ్గర ఏకంగా నాలుగున్నాయి. నాలుగూ చనిపోయిన మొదటి భార్యవే. వాటి వెనక కథలు వినని మనిషి లేడు. క్షౌరానికొచ్చిన మంగలి కూడా కత్తి పక్కన పెట్టి వినాల్సిందే.

అసలు ఈ పెళ్లి కుదిర్చింది ఆ బొమ్మలే. దేవకుమారి తండ్రికి ముదురు బ్రహ్మచారులంటే గిట్టదు. నలభై దాటినా పెళ్లి కాలేదంటే ఎక్కడో ఏదో లోపం ఉందనేవాడు. బంగార్రాజుకీ నలభై దాటాయి; తుని వైపు నుంచి వచ్చి స్థిరపడిన కలప వ్యాపారి. ముందూ వెనకా ఎవరూ లేరు. పెళ్లిచూపుల్లో బొమ్మలు పరిచి బావురుమన్నాడు. “పోయిన పెళ్లాం మీదే ఇంత ప్రేముందంటే, ఉన్న పెళ్లాన్ని నెత్తిన పెట్టుకుంటాడు” అని పిల్ల తండ్రి మురిసిపోయి తాంబూలాలు పుచ్చుకున్నాడు.

నెత్తికెక్కింది మాత్రం లోవలక్ష్మే.

పోయినావిడ పేరున దేవకుమారి మెడలో సవతి బిళ్ల వేలాడింది. కొత్త చీర కొంటే ముందు బొమ్మల దగ్గర పెట్టాలి. పులుసు దింపితే మొదటి ముక్క బొమ్మలకి పెట్టాలి. ఈగలు ముసిరాక ఆ ముక్క కూడా బంగార్రాజే తినేసేవాడు. ఇంత భక్తి ఉండీ తద్దినం మాత్రం పెట్టడు. అడిగితే, “ఆ తిథి తల్చుకుంటేనే నా గుండె ఆగిపోద్దే” అనేవాడు.

అన్నీ ఓర్చుకుంది. ఇప్పుడు వ్యవహారం కూతురి పేరు దాకా వచ్చింది.

ఆసామిని సాగనంపి, బంగార్రాజు మూతి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

“రేపే బారసాల. పిల్లకి లోవలక్ష్మి అని పెడుతున్నాం.”

“మా అమ్మ పేరు పెట్టుకుంటానని కడుపుతో ఉన్నప్పుడే చెప్పానుగా. మాణిక్యాంబ అని. నన్ను కని, పెంచి, పెళ్లి చూడకుండానే పోయింది మహాతల్లి.”

“పెట్టకపోతే అది పిల్లని పీడిస్తదే. సవతంటే ఏమనుకున్నావు?”

“పీడిస్తూనే ఉందిగా! పోనీ పిల్లకో ఫోటో అయినా తీయించండి. వంతెన కాడికి దొరలు పిలిపించిన వీరబ్రహ్మం గారు బాగా తీస్తారంట.”

బంగార్రాజు ఉలిక్కిపడ్డాడు.

“ఫోటోనా? వద్దొద్దు! ఆయుష్షు తగ్గిపోద్ది.”

“మరి మీ లోవలక్ష్మికి నాలుగు తీయించారు?”

“అందుకేగా పోయింది!”

దేవకుమారి వేళ్లు మడిచి లెక్కేసింది. చచ్చినావిడకి నాలుగు. పుట్టినదానికి ఒక్కటీ లేదు, పేరు కూడా సొంతంగా లేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. పక్కింటి అప్పాయమ్మ పాలు తెచ్చినప్పుడు ఆవిడ చెవిలో ఓ మాట వేసింది.

మర్నాడు ఇల్లంతా చుట్టుపక్కలవాళ్లు. పంతులుగారు పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరం బంగార్రాజు చేతికిచ్చారు.

“పిల్ల పేరు రాయండి బాబూ.”

మొదటి అక్షరం రాశాడో లేదో, గుమ్మంలో మూడుకాళ్ల ఫోటో పెట్టె దిగింది.

“రండి వీరబ్రహ్మం గారూ, సమయానికొచ్చారు!” అంది అప్పాయమ్మ.

బంగార్రాజు చేతిలో ఉంగరం బియ్యంలో పడింది.

“ఎవరు రమ్మన్నారండీ తమర్ని? వెళ్లండి, వెళ్లండి. ఇంట్లో మైల!”

“బారసాల పూట మైలేంటి బాబూ?” అని పంతులుగారు తెల్లబోయారు.

“నేనే రమ్మన్నాను” అంది దేవకుమారి.

పిల్లని భుజానేసుకుని లేచింది. గోడగూట్లో ఉన్న నాలుగు బొమ్మల్నీ, చచ్చిన ఎలకని తోక పట్టుకు ఎత్తినట్టు, కొసల్లో పట్టుకుని దించింది. జిడ్డు, ముక్కుపొడుం, పులుసు మరకలు. వాటిని వీరబ్రహ్మం చేతిలో పెట్టి వేళ్లు కొంగుకి తుడుచుకుంది.

“చూడండి బాబూ. చచ్చిపోయిన మా సవతి లోవలక్ష్మి గారివి. వీటికన్నా బాగా తియ్యాలి నా కూతుర్ని.”

వీరబ్రహ్మం ఒక్కో బొమ్మా చూశాడు. గుర్తుపట్టి నవ్వాడు. బంగార్రాజు అప్పటికే పెరటి గుమ్మం వైపు జరుగుతున్నాడు.

“చచ్చిపోవడమేంటమ్మా, ఈ బొమ్మల్లోని పెద్దింట్లమ్మ ఇవాళ పొద్దున్నే రేవులో నాకు చేపలమ్మింది, ఇవి మీ ఆయనగారు పెళ్లిచూపులకి వెళ్తూ, ఎవరిదైనా ఆడమనిషి బొమ్మ ఇమ్మని నా దగ్గర ఏరుకెళ్లినవేగా!”