పది వేళ్లు

సుమలత వేళ్లు ఊరుకోవడం లేదు. కూర్చున్నా నిలబడ్డా లేని ఆకును చుడుతున్నాయి, లేని దారాన్ని బిగిస్తున్నాయి. పదహారేళ్లుగా బీడీలు చేసిన వేళ్లు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి వాటికి బలవంతపు సెలవు ఇచ్చారు.

కారణం దోహా నుంచి వచ్చిన వీసా. అక్కడ ఒక ఇంట్లో పనికి. ఆ ఇంటి యజమాని, అంటే కఫీల్, తన వంతు కాగితాలన్నీ పంపేశాడు. ఇక హైదరాబాదులోని వీసా సెంటర్లో వేలిముద్రలు ఇస్తే చాలు. సుమలత రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మెషిన్ ఎర్రలైటు వెలిగించి కూర్చుంది. తునికాకు రుద్ది రుద్ది వేళ్ల మీది గీతలు అరిగిపోయాయట.

"వదినా, కఫీల్ ఇంకొక్కపారే ఆగుతడట. నలభై రోజులు," అన్నాడు ఏజెంటు దశరథం ఫోన్లో. "గప్పటికి ముద్రలు పడకపోతే వేరేటోళ్లను చూసుకుంటడు. ఆకు ముట్టకు, గీతలు అవే వస్తయి."

అంతే, బీడీల చాట అటకెక్కింది.

సుమలత మొగుడు హన్మండ్లు నడుము దుబాయ్‌లో బస్తాలు మోసి పాడైపోయింది. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి కదా, భార్య వేళ్లకు కాపలా ఉద్యోగం అతనిదే. పొద్దున లేస్తూనే ఆమె చేతులు వెలుతురుకు పట్టి చూసేవాడు. గిన్నె తోమబోతే అరుపు. బట్టలు పిండబోతే అరుపు. ఆమె కాస్త తల గోక్కున్నా అతని గుండె గుభేలుమనేది.

అసలు పెత్తనం మాత్రం అత్త శ్యామలమ్మది. ఒకప్పుడు తను కూడా గల్ఫులో మూడేళ్లు ఇంటిపని చేసి వచ్చిన మనిషి. ఆకువక్క నమలడం, నడి ఎండాకాలంలో కూడా నిండు చేతుల రవిక తొడుక్కోవడం, కోడలిని సాధించడం, ఈ మూడూ ఆమె ఏ రోజూ మానదు.

"ఇంట్ల కూసుంటే ఎట్ల ఎల్లుతది? పొయ్యి నాలుగేండ్లు చేసి రా. నేను పోలేదా?" అని వాడకట్టంతా వినబడేలా అనేది.

రోజూ రెండు పూటలా కోడలి చేతులు నానబెట్టే పని కూడా ఆమే పెట్టుకుంది. పాత బేసినులో గోరువెచ్చని నీళ్లు స్వయంగా కలిపి తెచ్చేది. ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు.

"నీళ్లు గింత ఎర్రగున్నయేందే అవ్వా?" అన్నాడు హన్మండ్లు మొదటిరోజు.

"వేల్పూర్ పసుపేసిన, బాసర కుంకుమేసిన. అమ్మవారి దయ ఉండాలె గద."

హన్మండ్లు ఆ బేసినుకే దండం పెట్టుకున్నాడు.

"మండుతున్నది అత్తమ్మా," అనేది సుమలత.

"మండాలె. పాత తోలు పోతేనే కొత్తది వస్తది. తియ్యకు చేతులు."

తర్వాత కొబ్బరినూనె రాసేది. రాస్తున్నంతసేపూ కోడలి మొహం వైపు చూసేది కాదు.

సుమలతకు పోవాలనీ ఉంది, భయంగానూ ఉంది. నెలకు పన్నెండు రోజులు కూడా బీడీల పని దొరకడం లేదు. కూతురు ఈ ఏడే ఇంటర్‌లో చేరింది. ఈ వీసా పోతే ఇల్లు ఎట్లా గడుస్తుందో ఆమెకు తోచడం లేదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"అత్తమ్మా, నువ్వు మూడేండ్లు ఉన్నవ్ గద. ఆడి ఇండ్లల్ల ఎట్లుంటది? మంచిగ చూస్తరా?"

శ్యామలమ్మ నూనె సీసాకు మూత బిగించింది.

"కరెంటు పోదు," అంది.

ఆ మాటకు సుమలత నవ్వింది. అత్త నవ్వలేదు.

నెల తిరిగేసరికి పొగాకు మరకలు పోయాయి. కాయలు కాసిన చోట్లు మెత్తబడ్డాయి. వేళ్లు పసిపిల్లల వేళ్లలా నున్నగా తేలాయి. హన్మండ్లు సంబరం పట్టలేక భార్యను వాడకట్టంతా తిప్పి చూపించాడు. దశరథం వీడియో కాల్లో చూసి, "ఇగ ఫికరే లేదు వదినా, టికెట్ చేస్కో," అన్నాడు.

నలభయ్యో రోజున భార్యాభర్తలు హైదరాబాదు వెళ్లారు. సుమలత కుడిచేతి వేళ్లు అద్దం మీద ఆనించింది. ఎర్రలైటు. ఎడమచేయి. ఎర్రలైటే. తుడిచి పెట్టింది, నొక్కి పెట్టింది, సరస్వతమ్మను తలచుకుని పెట్టింది. పది వేళ్లలో ఒక్కటీ పడలేదు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆమె చేతిని దగ్గరికి తీసుకుని చూసింది.

"మేస్త్రీ పనికి వెళ్తారా? సున్నం, సిమెంటు కలుపుతారా?"

"లే మేడం, బీడీల పని," అన్నాడు హన్మండ్లు. "అది గూడ బంద్ పెట్టి నలభై రోజులాయె."

"బీడీలకైతే గీతలు అరుగుతాయండీ. ఈమెకు అసలు గీతలే లేవు."

బస్సు నిజామాబాద్ చేరకముందే దశరథం ఫోన్ చేశాడు. కఫీల్ ఇంకెవరినో చూసుకున్నాడు.

హన్మండ్లు గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శ్యామలమ్మ బాసర అమ్మవారిని నాలుగు మాటలు, కోడలి నొసటి రాతను నాలుగు మాటలు తిట్టింది. సుమలత అటక మీది చాట దించి, దులిపి, కత్తెర కోసం వెతికింది.

శ్యామలమ్మ బేసిను పట్టుకుని ఒక్కతే పెరట్లోకి వెళ్లి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, నిండు చేతుల రవికను మోచేతుల పైదాకా మడిచి, ఏనాటివో ఇస్త్రీపెట్టె వాతలు వరసగా తేలిన ఆ చేతులతో, బేసిను అడుగున గడ్డకట్టిన సున్నాన్ని గీకి గీకి కడిగేసింది.